ముందు మంచి పన్నుని అడగాలి

పోయిన నెలలో రోజ్ బెల్ బజారు వెనకనున్న పళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళాను. డాక్టరంటే ఎవరో కాదు, ఒకప్పుడు శనివారం తెలుగు తరగతిలో నా ముందు చాప మీద కూర్చుని, పలక మీద ఉమ్మి వేసి చేత్తో చెరిపినవాడే. ఇప్పుడు వాడికి తెల్లకోటు, అద్దాల గది, మీట తొక్కితే పైకి లేచే కుర్చీ. నన్ను మాత్రం ఇప్పటికీ మిస్ అనే పిలుస్తాడు. నా ఎడమ దవడ పన్నొకటి పది రోజులు నన్ను కాల్చుకుతిని, ఒక ఉదయం ఉన్నట్టుండి ఊరుకుంది. పీడ వదిలిందని నేను సంబరపడ్డాను. వాడు పడలేదు. "ఊరుకుందంటే లోపల ప్రాణం పోయిందేమో మిస్, చూడాలి" అన్నాడు. దూది ఉండ మీద ఏదో చిమ్మితే అది తెల్లగా మంచు కట్టింది. "ముందు పక్కనున్న మంచి పన్నుని అడుగుతాను. చల్లగా తగిలితే చెయ్యెత్తండి, తగ్గితే దించండి. దాని జవాబు తెలిశాకే చెడ్డ పన్నుని అడుగుతాను" అన్నాడు. ఆ దూది నా పెదవి దాటకముందే నా చెయ్యి గాల్లోకి లేచింది.

"మిస్! ఇంకా తగల్నేలేదు" అని పగలబడి నవ్వాడు. మళ్ళీ పెట్టబోయాడు, మళ్ళీ లేచింది. మూడోసారి నవ్వలేదు. ముఖానికున్న గుడ్డ కిందికి లాక్కుని నా పక్కన స్టూలు మీద కూర్చున్నాడు. "చూడండి మిస్, వేడి పెట్టినా, చలవ పెట్టినా, కరెంటు ముట్టించినా నాకు కనిపించేది పైనున్న పెంకే. లోపల నరం బతికుందో చచ్చిందో నాకెలా తెలుస్తుంది? మీరు చెబితేనే తెలుస్తుంది. మీరు తప్పు చెబితే నేను తప్పు పన్ను పీకుతాను." వాడు నెమ్మదిగానే అన్నాడు. ఐదు నిమిషాలాగు నాయనా అని చెప్పి వరండాలో బెంచీ మీద కూలబడ్డాను. అక్కడ కూర్చుని తలుచుకున్నదే ఇక్కడ రాస్తున్నాను. తియ్యటి జ్ఞాపకాలు కావలసినవాళ్ళు ఇంకెవరి దగ్గరికైనా వెళ్ళండి.

మేము పుట్టి పెరిగింది లెస్కాలియే దగ్గర చెరకు తోటల మధ్యనున్న కూలీల క్యాంపులో. చెరకాకు కప్పిన గుడిసెలు, వాటి వెనక పొలంలోంచి ఏరి పోసిన నల్లరాళ్ళ గుట్టలు, ఆ గుట్టల సందుల్లో నాయనమ్మ పెంచే పొగాకు మొక్కలు. గుడిసెకీ గుడిసెకీ మధ్య ఒక తడిక. అవతలివాళ్ళు ఎండుచేప వేయిస్తే ఇవతలివాళ్ళు ఆ వాసనతో అన్నం తినేవారు. కోతల కాలంలో మిల్లు నుంచి వచ్చే పాకం వాసన బట్టలకీ జుట్టుకీ పట్టి, ఎన్ని నీళ్ళు పోసుకున్నా వదిలేది కాదు. ఆ ఇంట్లో మేము నలుగురం. ఎస్టేటులో ఎడ్లబండి తోలే మా అయ్య, అయ్యని కన్న నాయనమ్మ, నాకంటే ఆరేళ్ళు పెద్దదైన పైడక్క, నేను. అమ్మ లేదు. నా తర్వాతి కాన్పులో పోయింది. పురిటి నొప్పులు పడుతున్నంతసేపూ తడిక అవతలి వాళ్ళకి చిన్న మూలుగు కూడా వినపడలేదట. మూలుగు వినపడలేదు కాబట్టి మంత్రసానిని పిలవాలని ఎవరికీ తట్టలేదు. మా నాయనమ్మ ఈ సంగతి చెప్పుకుని చచ్చేదాకా గర్వపడింది. "నా కోడలు నోరిప్పనేదు" అనేది, వచ్చినవాళ్ళకి మంచినీళ్ళిచ్చి మరీ.

నాయనమ్మ విశాఖపట్నం వైపు నుంచి ఓడెక్కి ఈ చెరకు దీవికి వచ్చిన మనిషి. అడ్డపొగ తాగేది, అంటే చుట్ట నిప్పు వైపు నోట్లో పెట్టుకుని పెదాలు బిగించేది. నోట్లో నిప్పు పెట్టుకుని బియ్యం చెరిగేది, చిమ్మేది, మమ్మల్ని తిట్టేది. వచ్చిన కొత్తలో మా తాత చెరకు కొడుతూ కత్తి కాలి మీద వేసుకుని, పొలం దద్దరిల్లేటట్టు అరిచాడట. ఆ అరుపు విని కూలీల మీద అజమాయిషీ చేసే సర్దారు వచ్చాడు. ఎత్తుకుపోయి ఎస్టేటు ఆస్పత్రిలో పడేసి తలుపు వేశారు. పదకొండో రోజున మోసుకొచ్చి ఇంటి ముందు దించారు. కాలు కుళ్ళి పోయాడని లోకమంతా అనుకుంది. నాయనమ్మ అలా అనుకోలేదు. అరిచాడు కాబట్టి పోయాడని అనుకుంది. అరవకపోతే సర్దారుకి తెలిసేది కాదు, తెలియకపోతే తీసుకుపోయేవారు కాదు, ఇంట్లో పసుపు పెట్టి కట్టు కట్టుకునేవాళ్ళం అనేది. అప్పటినుంచి ఆవిడకి ఒకటే మతం పట్టుకుంది, నొప్పి బయటికి వినపడకూడదని.

వినపడకుండా ఉండడం మాకు నేర్పింది. శనివారం నూనె రాసి తలంటాక, భజనకి వెళ్ళేముందు, మమ్మల్నిద్దర్నీ పొయ్యి దగ్గర కూర్చోబెట్టి చంక కింద లేతచోట గోళ్ళతో పట్టుకుని మెలిపెట్టేది. మెలిపెడుతూ మా ముఖంలోకి చూసేది. "ఏటే, నొప్పెడతన్నాదేటి?" అని అడిగేది. లేదని తల ఊపాలి. అరిస్తే ఓడినట్టు. అరవకపోయినా నొప్పి అని నోటితో అన్నా, అవునని తల ఊపినా అంతే. ఏడేళ్ళు దాటాక గోళ్ళు పోయి చుట్ట వచ్చేది, మడమ మీద, ఒక్క క్షణం. నెగ్గినవాళ్ళకి ఉట్టిలో కుండ దించి బెల్లం ముక్క పెట్టేది. ఊరంతా చెరకే అయినా బెల్లం మాత్రం నాయనమ్మ ఒక్కతే కాచేది, రసాన్ని గిన్నెలో మరిగించి, ఎవరూ చూడకుండా. ఆ కుండ మూత తీస్తే గుడిసె అంతా గుమాయించేది. పైడక్క ప్రతి శనివారం నెగ్గేది. నేను ప్రతి శనివారం ఓడేదాన్ని. గోరు తగలకముందే నా నోరు లేచేది. "దీని గొంతు కొయ్య! ఇది మనింటి గుంట కాదురా నాయినా" అని నాయనమ్మ అయ్యతో అనేది. అక్క తన ముక్క కొరికి సగం నాకిస్తుందని ఎదురుచూసేదాన్ని. అలా ఇవ్వనివ్వకుండా, అక్క అది పూర్తిగా మింగేదాకా నాయనమ్మ దాని పక్కనే కూర్చునేది.

అక్కకి పాట ఉండేది. ఉండేది అంటే నేర్చుకున్నదని కాదు. కలుపు తీస్తూ, గోనెసంచులు కుడుతూ పాడుకునేది, దారిన పోయేవాళ్ళు కాళ్ళాపేవారు. మాటలు నేతిలో ముంచి తీసినట్టు వచ్చేవి. ఈ దీవి వాడుక భాష క్రియోల్ మాట్లాడే నోళ్ళ మధ్య పెరిగి కూడా ఆ పిల్ల తెలుగు అక్షరం ఒక్కటి జారనిచ్చేది కాదు. శనివారాలు రోజ్ బెల్ నుంచి నడిచొచ్చి మాకు భజన నేర్పే గురువుగారు ఒకనాడు మా అయ్యని పిలిచి, "ఈసారి అప్పన్న పూజకి దీపం చుట్టూ మగోళ్ళు పాడతారు, ఆఖరి హారతి మాత్రం మీ పెద్దపిల్ల పైడితల్లి పాడుతుంది. ఆడపిల్లల్లో ఇదే మొదలు" అన్నారు. ఆ రాత్రి సంబరంతో అక్క అన్నం తినలేదు. నాయనమ్మ ఒప్పుకుంది గానీ ఒక షరతు పెట్టింది. "నోరు అదుపులో ఉన్నదే దేవుడి ముందు నోరిప్పాలి. పూజ దాకా నీ నోటంట నొప్పన్న మాట ఇన్నానా, పాటా నేదు గీటా నేదు." అక్కకి ఆ షరతు ఒక లెక్కా? పుట్టి బుద్ధెరిగాక అరిచింది లేదు. నేను మాత్రం పొయ్యి దగ్గర కూర్చుని లోపల్లోపల ఉడికిపోయాను. నా గొంతూ గట్టిదే. నన్నెవరూ అడగలేదు.

పూజకి నెలన్నర ముందు, అయ్య బండి విప్పుతుంటే కాడి ఎగిరి అక్క మూతికి తగిలింది. అక్క ఏమీ అనలేదు. లోపలికి వెళ్ళి నోరు కడుక్కుని, పొయ్యి మీద ఎసరు పెట్టింది. మూడు వారాలకి పై పలువరసలో ముందు పన్నొకటి రంగు మారింది. తేనీటి రంగు, ఆ తర్వాత బూడిద రంగు. నొప్పి లేదు, వాపు లేదు, రంగొకటే. గురువుగారు చూసి, చీము పడితే హారతినాటికి నోరు తెరవలేదని భయపడ్డారు. అదే సమయంలో అయ్య మహేబోర్గ్‌లో ఒక దంతాల ముసియే, అంటే పళ్ళ డాక్టరు దొర, ఇంటికి కట్టెలు తోలివచ్చాడు. ఆయనకి ఫ్రాన్సు నుంచి కొత్తగా ఒక పెట్టె వచ్చిందట. పన్ను లోపల ప్రాణం ఉందో లేదో చెప్పే పెట్టె. ధనవంతుల నోళ్ళ మీద వాడేముందు కొన్ని నోళ్ళు కావాలట. క్యాంపులో పళ్ళు బాగోలేనివాళ్ళుంటే తీసుకురా, ఊరికే చూస్తాను అన్నాడట. మా అయ్య అమాయకుడు, ఊరికే అన్నమాట విని మురిసిపోయాడు. "నొప్పి తెలిస్తే పన్ను బతికున్నట్టంట, ఉంచీస్తాడంట. తెలీకపోతే సచ్చిపోయినట్టంట, పీకీస్తాడంట" అని ఇంటికొచ్చి చెప్పాడు. అక్క వంట చేస్తున్న చెయ్యి ఆపి, అయ్యని ఆ మాట రెండోసారి చెప్పమంది.

సంతరోజైన సోమవారం తెల్లవారుతూనే బండి కట్టారు. ఎదిగిన పిల్లని పరాయి మగాడి ముందు ఒంటరిగా కూర్చోబెట్టేది లేదని నాయనమ్మ కూడా బయల్దేరింది. క్రియోల్‌లో గబగబా జవాబు చెప్పడానికి నన్నెక్కించారు. ఎక్కేముందు నాయనమ్మ నన్ను గుడిసె వెనక్కి లాక్కెళ్ళి, కొంగు ముడి విప్పి చూపించింది. పిడికెడు బెల్లం గడ్డ. అంత పెద్దది అక్కకి కూడా ఎప్పుడూ పెట్టలేదు. "ఇయాల పట్నం మనుసులందరూ సూస్తారు. మన పరువు తీకు. నొప్పన్న మాట గానీ, కేక గానీ నీ గొంతులోంచి రాకపోతే ఇదంతా నీదే" అంది. నాకప్పుడు తొమ్మిదేళ్ళు. ఆ ముడి మీదనుంచి చూపు తిప్పుకోలేకపోయాను.

దారిలో నాయనమ్మ కునికిపాట్లు పడుతుంటే అక్క నా చెవిలో నోరు పెట్టింది. "నర్సీ, నా సెయ్యి ఒగ్గకు. నొప్పెడితే నాను ఒత్తుతాను. ఒత్తగానే నువ్వరువు. నానరిస్తే మామ్మ నన్ను పాడనివ్వదు. అరవకపోతే ఆయన పళ్ళు పీకీస్తాడు. నువ్వరిస్తే ఎవరూ ఏటీ అనరు, నువ్వెప్పుడూ అరిసీదానివే గదా" అంది. జీవితంలో మొదటిసారి నా అరుపు ఎవరికో పనికొచ్చింది. సరేనన్నాను. మనస్ఫూర్తిగానే అన్నాను, ఆ సంగతి ఇక్కడ రాసుకోవాలి. అక్క నవ్వి, హారతి పాట పెదాల మీదే పాడుకుంటూ కూర్చుంది. బండి మహేబోర్గ్ చేరేసరికి సంతలో ఎండుచేపల గుట్టలు, ఉల్లిపాయల బస్తాలు, గుడ్డల దుకాణాలు. నేను నోరు తెరుచుకుని చూశాను. అక్క ఏదీ చూడలేదు.

ముసియే ఇంట్లో మేడ మీద గది. కిటికీలోంచి సముద్రం కనిపించేది. గదంతా లవంగనూనె, స్పిరిటు దీపం వాసన. ఎర్రమఖమలు కుర్చీలో అక్కని కూర్చోబెట్టాడు. మట్టి కాళ్ళు తగలకుండా కింద ఒక పాత పత్రిక పరిచాడు. నాయనమ్మ గుమ్మం దగ్గర నేలమీద గొంతుక్కూర్చుంది, చుట్ట లేదు, పెదాలు అలాగే బిగించి ఉన్నాయి. అక్కని చూడడం లేదు, నన్నే చూస్తోంది. "నోట్లో నా వేళ్ళుంటాయి, తను మాట్లాడలేదు, నువ్వు చెప్పు" అని ముసియే నాతో క్రియోల్‌లో అన్నాడు. అక్క ఎడమచెయ్యి నా చేతిలో పెట్టింది. ఆ చెయ్యి చల్లగా ఉంది.

ఆయన కూడా మంచి పన్నుతోనే మొదలుపెట్టాడు. నల్లటి జిగురు కడ్డీ కొసని దీపం మీద వేడి చేసి, మెత్తబడి పొగ లేచాక, బూడిదరంగు పన్ను పక్కనున్న తెల్లటి పన్నుకి ఆనించాడు. అక్క నా చెయ్యి ఒత్తింది. గట్టిగా, గోళ్ళు దిగేటట్టు. "లీ ఫేర్ మాల్?" అని ముసియే అడిగాడు, నొప్పా అని. నేను నాయనమ్మ కొంగు వైపు చూశాను. ఈసారికి వద్దు, వచ్చేసారి చెబుదాం అనుకున్నాను. లేదని తల ఊపాను. అరవనక్కర్లేదు, అవునని తల ఊపినా చాలు. లేదనే ఊపాను. రెండోవైపు పన్నుకి ఆనించాడు. మళ్ళీ ఒత్తింది. మళ్ళీ లేదన్నాను. దాని పక్కదానికీ అంతే. అప్పుడు బూడిదరంగు పన్నుకి ఆనించాడు. చెయ్యి మెత్తగా, ఊరికే పడి ఉంది. ఒత్తలేదు. చచ్చింది ఆ ఒక్కటే. ఈ లోకంలో ఆ సంగతి తెలిసింది ఇద్దరికే, అక్కకీ నాకూ.

ఆ తర్వాత పెట్టె తీశాడు. అందుకే కదా మమ్మల్ని రప్పించుకున్నది. కర్రపెట్టెలో తీగచుట్ట, పక్కన కరెంటు పుట్టించే సీసా, ఈగలు ముసిరినట్టు ఝుమ్మని శబ్దం. అక్క కుడిచేతిలో ఇత్తడి పిడి పెట్టి, తీగ కొసని పళ్ళకి ఒక్కొక్కదానికే తగిలించాడు. బదులు రాకపోయేసరికి బల్ల మీదున్న మీట ఇంకొంచెం తిప్పాడు, ఇంకొంచెం తిప్పాడు. అక్క కాళ్ళ కింద పత్రిక చిరిగింది. కాలివేళ్ళతో చింపేసింది. కళ్ళవెంట నీళ్ళు చెవుల్లోకి కారుతున్నాయి. ముసియే అవి చూసి, భయం అన్నాడు. నొప్పా అని నన్ను అడిగాడు. నా చేతిమీద నాలుగు చోట్ల రక్తం వచ్చింది. నేను లేదన్నాను. ఆ వేళకి కారణం బెల్లం ఒక్కటే కాదు. నిజం చెబుతాను. అక్క ఓడిపోతే ఎలా ఉంటుందో చూడాలనిపించింది. అరవని అక్క అరిస్తే ఎలా ఉంటుందో వినాలనిపించింది.

మంచి పన్ను కూడా పలకకపోతే అడిగే తీరులో తప్పుందేమోనని అనుమానించాలి. మా డాక్టరు కుర్రాడు పోయిన నెల నన్ను అనుమానించాడు, పరికరం పక్కన పెట్టి మాట్లాడాడు. ముసియే పన్నునే అనుమానించాడు. "ఈ క్యాంపు మనుషుల పళ్ళు తొందరగా చస్తాయి, ముందువరస నాలుగూ పోయాయి" అని తలుపు దగ్గరున్న అయ్యకి వినపడేటట్టు చెప్పాడు. అయ్య టోపీ చేత్తో పట్టుకుని, మీరెలా అంటే అలాగే ముసియే అన్నాడు. గోడకున్న బీరువాలో మత్తు సూది ఉంది, నేను చూశాను. చచ్చిన పన్నుకి మత్తెందుకని దాన్ని తియ్యలేదు. మొదట బూడిదరంగు పన్ను పీకాడు. అది సులువుగా వచ్చింది, వేరు ఎండిపోయి కంపు కొట్టింది. రెండోది రాలేదు. మోకాలు కుర్చీ మీద ఆనించి లాగాడు. అక్క నా చెయ్యి ఒత్తడం మానేసింది. ఊరికే పట్టుకుని నావైపు చూసింది. మూడు, నాలుగు. గదిలో అక్క గొంతులోంచి చప్పుడు రాలేదు. కిటికీ బయట చేపలమ్మేవాడి కేకలు వినిపిస్తున్నాయి. చివర్న ముసియే ఆ పళ్ళని వెలుతురులో పెట్టి చూశాడు. మూడింటి వేళ్ళ కొసల్లోంచి ఎర్రటి తాజా నరం వేలాడుతోంది. నావైపు తిరిగి, "లేదన్నావుగా?" అన్నాడు. భుజాలెగరేసి నాలుగింటినీ పింగాణీ బేసిన్లో పడేసి, సబ్బుతో చేతులు కడుక్కున్నాడు.

తిరుగు బండిలో అక్క నోట్లో గుడ్డ. నాయనమ్మ ముఖం వెలిగిపోతోంది. "సూసినావురా? నాలుగు! కిక్కురుమననేదు. మగోళ్ళైనా ఉండగలరేటి?" అని అయ్యతో అంటూనే ఉంది. తర్వాత నావైపు తిరిగి కొంగు ముడి విప్పింది. "ఇయాల మనింటి గుంటవయినావు" అని గడ్డ మొత్తం నా చేతిలో పెట్టింది. అక్క ఎదురుగా కూర్చుని ఉంది. మా ఇద్దరి మోకాళ్ళూ తగులుతున్నాయి. నేను తిన్నాను. ఊరి చివర వంతెన దాటేలోపు మొత్తం తినేశాను, వేళ్ళు కూడా నాకాను. నాకిన వేళ్ళకి నా రక్తమే అంటి ఉంది.

పూజకి అక్క వెళ్ళింది. వెళ్ళనని అనలేదు, నాయనమ్మ మాట ఇచ్చింది కాబట్టి. దీపం చుట్టూ మగవాళ్ళు తిరిగి తిరిగి ఆగారు, గురువుగారు తాళం వేశారు, అక్క నోరు తెరిచింది. ముందు పళ్ళు లేని నోట్లోంచి గాలి బుస్సుమంది. ఒక్క మాట తిన్నగా రాలేదు. గుంపులో ఎవరో కిసుక్కుమన్నారు. ఎవరో ఏమిటి, నేనే. నా వెనక మిగతా పిల్లలందుకున్నారు. గురువుగారు కళ్ళు మూసుకుని హారతి తనే పూర్తి చేశారు. మరుసటి ఏడు ఆ హారతి పాడింది నేను. ఆ తర్వాత అక్షరాలు నేర్పించమని గురువుగారి వెంట పడ్డది నేను. తెలుగు మిస్ అనీ, పాటల మిస్ అనీ ఈ దీవి దక్షిణాన అందరూ నాకు దణ్ణాలు పెడతారు, దండలు వేస్తారు. అక్క పొలంలో కలుపు తీసింది, గోనెసంచులు కుట్టింది, ముగ్గురు బిడ్డల్ని కంది. ఎవరైనా నవ్విస్తే పెదాలు మూసుకుని నవ్వేది. ఆ సోమవారం గురించి నాతో ఒక్క మాట అనలేదు. తిట్టి ఉంటే బతికిపోయేదాన్ని.

ఇప్పటి పిల్లలు దోమ కుడితే ఇల్లెగరగొడతారు. తల్లులు పరుగెత్తుకొస్తారు, డాక్టర్లు నొప్పా బాబూ, ఎక్కడమ్మా అని బతిమాలి అడుగుతారు. మా కాలంలో పిల్లలు ఎంత గట్టివాళ్ళో అని నా ఈడువాళ్ళు గొప్పలు పోతుంటే నాకు చీదర పుడుతుంది. గట్టితనం కాదు అది, చెవుల్లేని లోకంలో పడి మూగబోవడం. వరండాలో ఐదు నిమిషాలు అయ్యాక లేచి లోపలికి వెళ్ళాను. ఈసారి కుర్చీ చేతులు గట్టిగా పట్టుకుని, నిజమే చెప్పాను. మంచి పన్నుకి జివ్వుమంది, చెయ్యెత్తాను. చెడ్డపన్ను మీద దూది ఎంతసేపు పెట్టినా ఏమీ తెలియలేదు. "పోయింది మిస్" అన్నాడు. సూదిలోకి మత్తుమందు ఎక్కిస్తుంటే, చచ్చిన పన్నుకి మత్తెందుకురా అనడిగాను. "ఎందుకైనా మంచిది మిస్, నేను పొరబడి ఉండొచ్చు కదా" అన్నాడు. నేను కుర్చీలోనే ఏడ్చాను. సూదికి భయపడ్డాననుకుని నా భుజం తట్టాడు.

అక్క పోయి రెండేళ్ళవుతోంది. కడుపులో పుండు, ఆస్పత్రిలో నెల రోజులు. రోజూ డాక్టరు వచ్చి నొప్పి ఉందా అని అడిగితే లేదని తల ఊపేది. లేదంటోంది కదా అని మందు తగ్గించారు. దుప్పటి కింద కాలివేళ్ళు మెలిపడడం నాకు కనిపిస్తూనే ఉండేది. ఒక సాయంత్రం మంచం పక్కన కూర్చుని, నా చెయ్యి తన చేతిలో పెట్టాను. "అక్కా, నొప్పెడితే ఒత్తు. ఈసారి నేనరుస్తాను. ఆస్పత్రంతా లేచేటట్టు అరుస్తాను" అన్నాను. అక్క ఆ చేతిని కాసేపు చూసింది. తర్వాత తన చెయ్యి మెల్లగా వెనక్కి తీసుకుని దుప్పటి కింద పెట్టుకుంది.

చాలాసేపయ్యాక, "నర్సీ" అంది. పళ్ళు లేని నోట్లోంచి వచ్చే గాలితో, అరవై ఏళ్ళలో ఆ రోజు గురించి తను నన్ను అడిగిన ఒకే ఒక్క మాట అడిగింది.

"ఆ బెల్లం తియ్యగా ఉండిందేటే?"

ఇక అబద్ధమాడడం నావల్ల కాలేదు. "ఉండిందక్కా" అన్నాను. "చాలా తియ్యగా ఉండింది."

అక్క నోరు మూసుకునే నవ్వింది. ముఖం గోడవైపు తిప్పుకుంది. ఆ తర్వాత నాలుగు రోజులు బతికింది గానీ, నాతో మాట్లాడలేదు.